ఉప్పల్ రోడ్డు పాటల మూట: మీకు తెలుసా?

ఉప్పల్ అనగానే మీకు ఏది గుర్తొస్తుంది? క్రికెట్టే కదూ! 2024 మార్చి 27న అక్కడి స్టేడియంలో హైదరాబాద్, ముంబై జట్లు కలిసి ఒక్క రాత్రిలో 523 పరుగులు బాదాయి. అందులో సిక్సర్లే 38! ఇప్పుడు స్టేడియం వదిలి ఉప్పల్ చౌరస్తాకు రండి. తూర్పు దిక్కుకు తిరగండి. అటు పోయే రోడ్డు మీద పుట్టిన పాటలను లెక్కపెట్టాలంటే స్కోరుబోర్డు చాలదు!

ఆ రోడ్డు ఎందాకా పోతుందో మీకు తెలుసా? దాని పేరు జాతీయ రహదారి 163. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, హన్మకొండ దాటి, ములుగు అడవుల్లోంచి దూరి, ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం చేరుతుంది. మేడారం జాతరకు పట్నం జనం పోయే దారీ ఇదే. దారి పొడుగునా బతుకమ్మ పాట, ఒగ్గు డోలు, బుడగ జంగాల బుర్ర. టోల్ గేటు బండ్లకే గానీ పాటలకు లేదు!

మరి ఈ దారిలోని పాటలకు మొట్టమొదటి జాబితా రాసింది ఏ కంపెనీయో చెప్పుకోండి చూద్దాం. హెచ్ఎంవీ? కాదు. జనగామ దగ్గరి పాలకుర్తి సోమనాథుడు! ‘పండితారాధ్య చరిత్ర’లో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు, నివాళి పదాలు అంటూ జనం పాడుకునే రకాలన్నీ పేర్లతో సహా చెప్పాడు. గ్రామఫోన్ పుట్టడానికి ఆరు వందల ఏళ్ల ముందే కేటలాగు సిద్ధం! ప్లేట్లే ఆలస్యంగా వచ్చాయి.

ప్లేట్లంటే గుర్తొచ్చింది. మీ నాయనమ్మ గాజులూ మీ తాతయ్య గ్రామఫోన్ ప్లేట్లూ తోబుట్టువులని మీకు తెలుసా? చార్మినార్ పక్కన లాడ్ బజార్లో మెరిసే గాజులు లక్కవి. 78 ప్లేట్లలో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో, కలిపిందీ ఆ లక్కనే. చెట్టుకొమ్మల మీద ఓ చిన్న పురుగు విడిచే బంక అది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. చేతికి తొడిగితే గలగల, ముల్లు పెడితే సరిగమ!

ఆ పురుగు మీద ప్రపంచయుద్ధం ప్రభావం కూడా పడిందంటే నమ్ముతారా? లక్క ఎక్కువగా మన దేశం నుంచే పోయేది. యుద్ధంలో ఓడలు ఆగేసరికి 1942లో అమెరికా సర్కారు ప్లేట్ల తయారీకి లక్క వాడకాన్ని బాగా కోసేసింది. చాలా దుకాణాల్లో పాత ప్లేటు ఇస్తేనే కొత్త ప్లేటు. స్టీలు సామాన్ల వాళ్లకు పాత బట్టలు వేసినట్టే!

హెచ్ఎంవీ ప్లేట్ల మీద కుక్క బొమ్మ చూసే ఉంటారు. దాని పేరు నిప్పర్. బొమ్మ గీసేనాటికి ఆ కుక్క బతికే లేదని మీకు తెలుసా? 1895లో చనిపోయింది. ఆ తర్వాతే చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ దాన్ని తలుచుకుని గీశాడు. చచ్చిపోయాక ఇంత పేరు తెచ్చుకున్న కుక్క ఇంకోటుంటే చూపించండి!

ఇప్పుడు కాస్త నెమ్మదిగా చదవాల్సిన ముచ్చట. 1902 నవంబర్‌లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని రికార్డింగ్ కొమ్ము ముందు నిలబడింది. పాట అయిపోగానే ‘నా పేరు గౌహర్ జాన్’ అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. ఎందుకు? ఆ ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో. అక్కడి పనివాళ్లకు ఎవరి పాట ఏదో తెలియాలి కదా. ఆ ఒక్క కేక వల్ల ఆమె పేరు నూట ఇరవై ఏళ్లు దాటినా చెరగలేదు. ఈ కేకను గుర్తుంచుకోండి, దీనితో మనకు ముందు పని ఉంది!

కొమ్ము ఏమిటీ, మైకు లేదా అంటారా? లేదు! 1925 దాకా లోకమంతటా గాయకులు పెద్ద గరాటు లాంటి కొమ్ములోకి గొంతు చించుకుని పాడేవాళ్లు. ఆ గొంతు అదురుకే సూది కదిలి మైనం మీద గీత పడేది. మెల్లగా పాడే జోలపాటకు అప్పట్లో చోటే లేదు. పిల్లాడు నిద్రపోవడం అటుంచి దడుసుకునేవాడు!

78 ప్లేటు ఒక వైపు ఎంతసేపు పాడుతుందో తెలుసా? చిన్న ప్లేటయితే సుమారు మూడే మూడు నిమిషాలు! మన పద్యనాటకాల నటులు పద్యం చివర రాగం అందుకుంటే అంతకన్నా ఎక్కువసేపు తీస్తారు. ప్లేటు కోసం పద్యం, రాగం, ఆవేశం అన్నీ మూడు నిమిషాల్లో కుక్కేవాళ్లు. ఒన్స్‌మోర్ కావాలంటే? ముల్లు తీసి మళ్లీ మొదట్లో పెట్టడమే. నటుడు అలిసిపోడు, ప్రేక్షకుడు ఈల వేయక్కర్లేదు!

ఆ ముల్లు సంగతి మరీ విడ్డూరం. ఉక్కు ముల్లు ఒక్కసారి, ఒక్క వైపుకే! మళ్లీ వాడితే ప్లేటు పాడవుతుందని కంపెనీలు హెచ్చరించేవి. ఉప్పల్ నుంచి హన్మకొండకు బస్సులో మూడు గంటలు అనుకోండి. దారంతా ప్లేట్లు వింటూ పోవాలంటే 30 ప్లేట్లు, 60 ముళ్లు కావాలి. సీటు కింద టిఫిన్ డబ్బాకు చోటుండదు!

హార్మోనియం మీద ఆకాశవాణి నిషేధం విధించిందని మీకు తెలుసా? జోక్ కాదు. 1940 నుంచి సుమారు ముప్పై ఏళ్లు రేడియోలో ఆ పెట్టె మోగలేదు. గమకాలు పలకదన్నది పెద్దల ఫిర్యాదు. తెలుగు పద్యనాటకానికి హార్మోనియమే ప్రాణమాయె! రేడియో తలుపు మూసినా ప్లేట్లు, పందిళ్లు తలుపు తెరిచే ఉంచాయి. సురభి నాటకాల ముందు వరసలో కూర్చున్న ఏ తాతగారినైనా అడిగి చూడండి, హార్మోనియం లేని హరిశ్చంద్రుడు కాటికి కూడా పోడంటారు!

సినిమా పాటల మీదా ఇలాంటి కత్తే పడింది. 1950ల్లో కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది. జనం ఏం చేశారు? సముద్రం దాటి రేడియో సిలోన్ పట్టుకున్నారు! 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యాక గానీ పాటలు ఇంటికి తిరిగి రాలేదు.

చిన్న దుకాణం ఎంత దూరం పోగలదో మీకు తెలుసా? మద్రాసులో సరస్వతీ స్టోర్స్ అని గ్రామఫోన్ ప్లేట్ల వ్యాపారం ఉండేది. దాన్ని నడిపినవారిలో ఒకరు ఎ.వి. మెయ్యప్పన్. పేరులోని మూడు అక్షరాలు చూశారుగా? ఏవీఎం! ప్లేట్లు అమ్మిన ఆ చేతులే తర్వాత స్టూడియో కట్టాయి, తెలుగులో ‘జీవితం’ సినిమా తీశాయి. గల్లా పెట్టెలోంచి గాజు లైట్ల దాకా!

అమెరికాలోనూ ఇదే కథ. డెట్రాయిట్ కుర్రాడు బెర్రీ గోర్డీ 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర అప్పు తీసుకుని ఓ లేబుల్ పెట్టాడు. అప్పు ఎంతో తెలుసా? 800 డాలర్లు! ఆ లేబులే మోటౌన్. స్టీవీ వండర్, జాక్సన్ అన్నదమ్ములు అక్కడి నుంచే వచ్చారు. అప్పిచ్చువాడంటే అలా ఉండాలి!

ఎనిమిదేళ్ల వయసులో మీరేం చేస్తున్నారు? వింజమూరి అనసూయ గ్రామఫోన్ ప్లేటు ఇచ్చేసింది! ఆమె, చెల్లెలు సీత కలిసి జానపద గీతాలను ఊళ్ల నుంచి రేడియో స్టూడియోలకు, కచేరీ వేదికలకు ఎక్కించారు. పొలం పాట కచేరీకి తగునా అని ముక్కు విరిచిన కాలమది. అనసూయ గారు 2019లో తొంభై తొమ్మిదో ఏట అమెరికాలోని హ్యూస్టన్‌లో కన్నుమూశారు. గోదావరి పాట అంత దూరం పోయింది!

‘మా తెలుగు తల్లికి’ పాటకు ప్లేటు మీద ప్రాణం పోసిన టంగుటూరి సూర్యకుమారి సంగతో? 1952లో ఆమె మిస్ మద్రాస్. తర్వాత న్యూయార్క్‌లో టాగోర్ నాటకంలో నటించి అక్కడి విమర్శకుల అవార్డు పట్టేసింది. చివరికి లండన్‌లో స్థిరపడింది. ఆ పాట మొదట సినిమా కోసం రాసిందే, సినిమాలో మాత్రం చోటు దక్కలేదు. తిప్పి పంపిన పాట ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమై కూర్చుంది!

ఉప్పల్ పక్కనున్న నాచారం నుంచి తార్నాక వైపు పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం. అక్కడ బిరుదురాజు రామరాజు గారు దేని మీద డాక్టరేట్ చేశారో మీకు తెలుసా? జానపద గేయాల మీద! 1950ల మాట. పల్లె పాటకు పరిశోధనేమిటని అడిగినవాళ్లకు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ అనే లావుపాటి పుస్తకమే జవాబు. పాట పాడినవాళ్లు చదువుకోలేదు, పాటను చదివినాయన డాక్టరయ్యాడు!

ఘంటసాల భగవద్గీత వినని తెలుగు ఊరు లేదు. ఆ రికార్డు విడుదలయ్యేనాటికి ఘంటసాల లేరని మీకు తెలుసా? 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు, గీత ఆ తర్వాత వచ్చింది. ఆత్మకు చావు లేదని చెప్పే శ్లోకాలు అవి. రోమాలు నిక్కబొడుచుకోవడం లేదూ!

ఇక క్యాసెట్! 1963లో ఫిలిప్స్ కంపెనీ దీన్ని బయటపెట్టింది. సైజు ఎలా నిర్ణయించారో తెలుసా? ఇంజినీరు లూ ఒటెన్స్ ఓ చెక్కముక్క చెక్కించి కోటు జేబులో పెట్టుకుని చూశాడు. జేబులో పట్టింది. అంతే, అదే కొలత! మన దర్జీ మాస్టర్లు ఇంకాస్త పెద్ద జేబు కుట్టి ఉంటే పాటలు ఇంకో గంట వచ్చేవేమో!

అరవై నిమిషాల క్యాసెట్లో టేపు ఎంత పొడుగో చెప్పగలరా? సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో ఒక వైపు అరగంట. లెక్క వేస్తే సుమారు 86 మీటర్లు! ఉప్పల్ స్టేడియంలో పరిస్తే నాలుగు పిచ్‌లు దాటిపోతుంది. అదంతా చిక్కుపడి ప్లేయర్లోంచి బయటికొస్తే చుట్టడానికి మందు? నటరాజ్ పెన్సిల్! ఆ రోజుల్లో పుట్టినవాళ్లు ఈ వాక్యం దగ్గర తప్పకుండా నవ్వుతారు.

ఢిల్లీ దర్యాగంజ్‌లో పళ్లరసం అమ్మే కుటుంబం కుర్రాడు ఒకడు క్యాసెట్ల వ్యాపారంలో దిగాడు. పేరు గుల్షన్ కుమార్. 1983లో పెట్టిన ఆ కంపెనీ టీ-సిరీస్. 2019లో యూట్యూబ్‌లో 10 కోట్ల చందాదారులను దాటిన మొట్టమొదటి ఛానల్ ప్రపంచంలో ఏదో తెలుసా? అదే! బత్తాయి రసం నుంచి బాగా పిండుకున్నాడు.

ప్లేటు అచ్చు కొట్టాలంటే కార్ఖానా కావాలి. క్యాసెట్ కాపీ చేయాలంటే? రెండు డెక్కులు, ఒక కుర్చీ! అందుకే 1980ల్లో దేశమంతటా గల్లీకొక లేబుల్ మొలిచింది. కొన్నేళ్లలోనే అమ్ముడుపోయే పాటల్లో 90 శాతానికి పైగా క్యాసెట్లే అయ్యాయి. ఏకఛత్రాధిపత్యంతో ఏలిన హెచ్ఎంవీ కుక్క మొదటిసారి చెవులు రిక్కించింది. పెద్ద కంపెనీ దేశమంతా అమ్ముడుపోయే పాటే వెతుక్కునేది. చిన్న లేబులాయన మాత్రం నాలుగు మండలాల్లో అమ్ముడైతే చాలనుకున్నాడు. ఒగ్గుకథ, శారదకథ, ఎల్లమ్మ పాట, మేడారం పాట, పక్క జిల్లాకే అర్థం కాని యాస, అన్నీ రీలెక్కింది ఆ నాలుగు మండలాల లెక్కతోనే. మన యాసను నిలబెట్టిన వ్యాపారులు వీళ్లు. వీళ్లకు ఓ విగ్రహం ఉండాల్సింది!

తెలంగాణ జానపదాలతో ఇళ్లన్నీ మారుమోగించిన లేబుళ్లలో లలిత ఆడియో ఉంది, అమూల్య ఆడియో ఉంది. మరొక దాని పేరు వింటే మీరు కుర్చీలోంచి లేస్తారు. పొలం గట్టు పాటలు, పల్లె బావామరదళ్ల పాటలు విడుదల చేసే ఆ సంస్థ పేరు డిస్కో రికార్డింగ్ కంపెనీ! డప్పు కొడితే డిస్కో కాక మరేమిటి!

మీకు ఇష్టమైన పాటలతో మీరే లేబుల్ పెట్టిన సంగతి గుర్తుందా? ఖాళీ క్యాసెట్, చీటీ మీద పన్నెండు పాటల పేర్లు తీసుకుని రికార్డింగ్ షాపుకు పోవడం, రెండు రోజుల తర్వాత రమ్మనడం. పైన పేరు మీది, ఎంపిక మీది, వరస మీది. చివరి పాట సగంలో టేపు అయిపోతే ఆ సగం పాటే జీవితాంతం నోట్లో తిరగడం. ఆ పాట మొత్తం విన్నప్పుడు కొత్త పాట విన్నట్టుండేది!

అన్నట్టు, పాటల్లేని క్యాసెట్ కూడా దుమ్ము లేపిందని మీకు తెలుసా? ఒట్టి డైలాగులు! 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వేంకటకవి రాసిన మాటలను ఊరూరా మైకుల్లో వినిపించేవాళ్లు. ఆ సినిమాలో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు ముగ్గురూ ఎన్టీఆరే. నిర్మాతా ఆయనే, దర్శకుడూ ఆయనే. తన మీద తానే అరిచి, తనకు తానే జవాబు చెప్పి, తానే కట్ చెప్పుకున్నాడు!

ఆ ఎన్టీఆర్ పేరుతో ముడిపడిన రామకృష్ణా స్టూడియో ఎక్కడుందో తెలుసా? మన నాచారంలో! ఫ్యాక్టరీ షెడ్ల పారిశ్రామికవాడకు కూతవేటు దూరంలో మహారాజుల కొలువులు. 2018 మార్చి 29న ఆయన జీవితకథ సినిమాకు కొబ్బరికాయ కొట్టిందీ అక్కడే. అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు వచ్చారు. ఒక గేటులోంచి షిఫ్టు కార్మికులు, ఇంకో గేటులోంచి దుర్యోధనుడు!

ఉప్పల్ నుంచి అంబర్‌పేట వైపు రెండడుగులు వేస్తే రామంతాపూర్. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ఇక్కడే. బస్సులో ఉప్పల్ దిగే ప్రతి జానపద కళాకారుడికీ టీవీ ఎంత దగ్గరో చూశారా? డోలు భుజాన వేసుకుని నడిచేయొచ్చు!

మళ్లీ రోడ్డెక్కుదాం. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఊరు. ఒగ్గుకథకు ఆయనే పెద్ద పేరు, సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్న మనిషి. ఒగ్గుకథ మల్లన్న పెళ్లితో మొదలైతే తెల్లవారుతుంది. 78 ప్లేట్ల మీదికి ఎక్కించాలంటే ఎన్ని కావాలో లెక్కేయండి. ఆరు గంటల కథకు 60 ప్లేట్లు! దేవుడి పెళ్లికి అంత కట్నం తప్పదు.

ఆలేరు దగ్గర పక్కకు తిరిగితే సుద్దాల హనుమంతు ఊరు వస్తుంది. ఆయన రాసిన పశులకాపరి పిల్లగాడి పాట ‘మా భూమి’ సినిమాలో కన్నీళ్లు పెట్టించింది. 1980లో విడుదలైన ఆ సినిమాకు సంగీతం ఎవరో తెలుసా? పైన చెప్పిన వింజమూరి సీత, నాగభూషణంతో కలిసి! కోస్తా అమ్మాయి తెలంగాణ పోరుపాటకు బాణీ పట్టింది. హనుమంతు కొడుకు అశోక్‌తేజ ‘ఠాగూర్’ పాటకు జాతీయ అవార్డు తెచ్చాడు. తండ్రి పాటకు జనం, కొడుకు పాటకు ఢిల్లీ!

ఆ ‘మా భూమి’లోనే బండెనక బండి కట్టిన పాట పాడి తెర మీద కనిపించింది గద్దర్. అందరూ గద్దర్ పాటే అనుకుంటారు. రాసింది ఎవరో మీకు తెలుసా? బండి యాదగిరి! తెలంగాణ సాయుధ పోరాటంలోని మనిషి. ఇందాక గౌహర్ జాన్ కేకను గుర్తుంచుకోమన్నానే, ఇందుకే. కలకత్తా కొమ్ము ముందు ఆమె పేరు చెప్పుకుంది. మన పల్లె పాటగాళ్లకు ఆ వీలే రాలేదు. ప్లేటు మీద, క్యాసెట్ మీద ‘జానపదం’ అని ఒక్క ముక్క రాస్తే పని అయిపోయేది. జానపదం అనే ఆయన ఏ ఊరివాడో, ఎన్ని వేల పాటలు రాశాడో! పాడినవాళ్ల పేరు, పాట దొరికిన ఊరు పేరు రాయడానికి సిరా ఎక్కువ పట్టదు. పాట అమ్మే ప్రతి చిన్న లేబులూ ఈ ఒక్క పని చేస్తే నేను పండగ చేసుకుంటాను!

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు అని తెలుసుగా? మరి కెనరా బ్యాంకులో ఉద్యోగం చేశాడని తెలుసా? ఇంకోటి: ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలోని చెల్లెలి పాటకు నంది అవార్డు వస్తే వద్దన్నాడు. ఇప్పుడు తెలంగాణ సర్కారు ఇచ్చే సినిమా అవార్డుల పేరే గద్దర్! అవార్డు కాదన్నవాడు అవార్డే అయ్యాడు.

బడి మెట్లెక్కని మనిషి రాష్ట్రగీతం రాస్తాడా? రాశాడు! ఉమ్మడి వరంగల్ జిల్లా రేబర్తిలో పశువులు కాసిన అందెశ్రీకి కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ‘జయ జయహే తెలంగాణ’ 2024 జూన్ 2న రాష్ట్రగీతమైంది. కీరవాణి సంగీతంలో పూర్తి పాట పదమూడున్నర నిమిషాలు. సభల కోసం రెండున్నర నిమిషాలది ఇంకోటి. పూర్తి పాట పాత ప్లేట్ల మీద వేస్తే ఐదు వైపులు తిప్పాలి, అందాకా జనం నిలబడే ఉండాలి! 2025 నవంబర్‌లో అందెశ్రీ వెళ్లిపోయినప్పుడు అంత్యక్రియలు జరిగింది ఉప్పల్ అవతలి ఘట్‌కేసర్‌లోనే. ఈ రోడ్డు మీది మనిషి ఈ రోడ్డు మీదే ఆగాడు.

వరంగల్ దాటండి. చల్లగరిగె వస్తుంది. ‘నాటు నాటు’ రాసిన చంద్రబోస్ ఊరు! ఆ పాట ఆస్కార్ కొట్టింది 2023 మార్చిలో. పాడిన ఇద్దరిలో ఒకరు రాహుల్ సిప్లిగంజ్, సొంత పాటలకు సొంతంగా వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టుకున్న పాతబస్తీ పిల్లవాడు. టీ-సిరీస్‌తో కలిసి ‘నాటు నాటు’ను విడుదల చేసింది బెంగళూరు లేబుల్ లహరి. చిత్రీకరణ కీవ్‌లో ఉక్రెయిన్ అధ్యక్షుడి భవనం ముందు. పల్లె మర్రిచెట్టు నీడ పాటకు రాజభవనం పందిరి!

హన్మకొండ వాడు కాసర్ల శ్యామ్ ‘బలగం’లో రాసిన ఊరి పాటకు జాతీయ అవార్డు వచ్చింది. ఆ సినిమా చివర ఏడిపించింది మాత్రం నటులు కాదు, బుడగ జంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ. వాళ్లు పాడుతుంటే ఊళ్లలో తెరలు కట్టి మరీ చూశారు. విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని పేపర్లలో వార్తలొచ్చాయి. ఏ లాయరు చేయలేని పని ఒక్క పాట చేసింది! చూశారా, ఈసారి పాడినవాళ్ల పేర్లు అందరికీ తెలిశాయి.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఇంకో మొగిలయ్య, దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిన సంగతి మీకు తెలుసు. కిన్నెరకు బుర్రలు దేనితో చేస్తారో తెలుసా? సొరకాయలతో! ఎండిన సొరకాయ వేదికెక్కితే రాష్ట్రపతి భవన్. కూరలో వేస్తే మాత్రం పిల్లలు కంచం తోసేస్తారు.

ఇప్పుడు లేబుల్ పెట్టడానికి ఏం కావాలో తెలుసా? ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటర్, ఒక ఫోను. గోడకు పాత పరుపు కొడితే స్టూడియో రెడీ! 2021లో బ్లూ రాబిట్ అనే చిన్న సంస్థ ‘బుల్లెట్టు బండి’ వదిలింది. ఓ పెళ్లికూతురు బరాత్‌లో ఆ పాటకు ఆడిన వీడియో చేతులు మారేసరికి ఆ ఏడాది పెళ్లిళ్లన్నిటికీ అదే మంత్రం. పురోహితుడి తర్వాత డీజేనే! ‘రాను బొంబైకి రాను’ను రాము రాథోడ్ తన సొంత ఛానల్లో పెట్టి కోట్లసార్లు చూపించాడు. ఏ పెద్ద కంపెనీ గడప తొక్కలేదు. హైదరాబాద్ బ్యాండు చౌరస్తా ‘ఊరెళ్లిపోతా మామ’ పాటతో ఇలాగే మోగింది, ఆ బ్యాండు గొంతు రామ్ మిరియాల తర్వాత సినిమాల్లో ‘చిట్టి’ పాట పాడాడు.

‘సారంగదరియా’ 2021లో వచ్చి నెల దాటగానే యూట్యూబ్‌లో 10 కోట్లు చూసింది. గొడవా వచ్చింది. ఆ జానపదాన్ని సేకరించి పాడిన వరంగల్ గాయని ‘మరి నా మాటేమిటి?’ అని అడిగింది. అడగాల్సిందే! గౌహర్ జాన్ చేసిందీ అదే కదా. తేడా ఏమిటంటే ఈమె 119 ఏళ్ల తర్వాత కూడా అడగాల్సి వచ్చింది.

పాటలను రాగి మీద రాసి పెట్టుకున్న తెలుగువాళ్లు మనం. తిరుమల సంకీర్తన భాండాగారంలో అన్నమయ్య పదాల రాగిరేకులు వేలకొద్దీ దొరికాయి. మరి రాగి మీదే ఎక్కి చుక్కల దారి పట్టిన తెలుగు మాట ఒకటుందని మీకు తెలుసా? 1977లో నాసా పంపిన వాయేజర్ నౌకల్లో బంగారు పూత పూసిన రాగి ప్లేటు ఉంది. అందులో 55 భాషల పలకరింపులు. వాటిలో తెలుగు ఒకటి! గ్రహాంతరవాసులెవరైనా వింటే ముందుగా అడిగేది, ‘భోజనం అయిందా?’

చివరిగా ఒక లెక్క, కాస్త చెవి ఇటు వేయండి. మన చట్టం ప్రకారం రికార్డు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. తర్వాత ఆ రికార్డింగు అందరి సొత్తు! రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ లెక్క వేరు, అది వాళ్లు పోయాక 60 ఏళ్లు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. అంటే ఆ రికార్డింగు 2024 జనవరి 1 మొదలవగానే, సుప్రభాత వేళ కాకముందే, అందరిదీ అయిపోయింది. ‘దానవీరశూరకర్ణ’ ధ్వని 2038 దాకా ఆగాలి. మరి ‘బుల్లెట్టు బండి’? 2082! ఆ పాటకు బరాత్‌లో ఆడిన పెళ్లికూతుళ్లు అప్పటికి ముత్తవ్వలు. ముని మనవరాలి పెళ్లిలో, అందరి సొత్తయిన ఆ రికార్డింగే డీజేకు ఇచ్చి, మళ్లీ ఆడతారు!